గంటల మీద నడిచే జబ్బు: గార్డెన్ రీచ్‌లో కడుపునొప్పి చరిత్ర

1902లో జరిగిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ ఏడాది ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) చేతికి వచ్చింది. వాల్తేరు, విజయనగరం, ఆమదాలవలస, పలాసల మీదుగా పోయే ఆ దారికి, కలకత్తాకు నైరుతి దిక్కున హుగ్లీ ఒడ్డున ఉన్న గార్డెన్ రీచ్‌తో నూరేళ్ల బంధం అలా మొదలైంది. బీఎన్ఆర్ ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లో స్థిరపడింది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక కూడా అక్కడే ఉంది. 2003 ఏప్రిల్ 1న కొత్త తూర్పు కోస్తా రైల్వే జోన్ పూర్తిగా పనిలోకి వచ్చేదాకా వాల్తేరు డివిజన్ ఉద్యోగుల కాగితాలన్నీ చివరికి చేరేది అక్కడికే. ఇక రెండో సంగతి లండన్‌లో జరిగింది. పట్టాభిషేకానికి రెండు రోజుల ముందు, జూన్ 24న, ఏడో ఎడ్వర్డ్‌కు బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే సర్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ ఆపరేషన్ చేసి అపెండిక్స్ దగ్గర గడ్డకట్టిన చీమును బయటికి తీశాడు. పట్టాభిషేకం ఆగస్టు 9కి వాయిదా పడింది. రాజుగారికి నొప్పి మొదలై అప్పటికి పది రోజులు. సామ్రాజ్యంలోకెల్లా పేరున్న వైద్యులు ఆయన మంచం పక్కనే ఉన్నారు, జ్వరం ఎక్కడం దిగడం లెక్కపెట్టారు, పొట్ట మీద చెయ్యి వేసి మళ్లీ మళ్లీ చూశారు. అంత చూసినా ఆలస్యమైంది. అయితే ఆ కాపలా ఉండబట్టే ఆయన బతికాడు. ఆ కాపలాను ఈ చరిత్రకు కేంద్రంగా పెట్టాలని నా వాదన. అపెండిసైటిస్‌ను గుర్తుపట్టడానికి కావలసిన జ్ఞానం 1902 నాటికే లోకంలో ఉంది, దానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. గార్డెన్ రీచ్‌లో రేవు కూలీకి, మిల్లు మనిషికి, పట్టాలు వేసే తెలుగువాడికి కరువైంది ఒక రాత్రి తనను కనిపెట్టుకుని ఉండే మనిషి.

అప్పటికి ఈ జబ్బు స్వరూపం పుస్తకాలకెక్కి ఎంతో కాలం కాలేదు. 1735లో లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ అమ్యాండ్ ఒక పదకొండేళ్ల కుర్రాడి హెర్నియాలో చిక్కుకున్న అపెండిక్స్‌ను కోసి తీసేశాడు. దాన్ని పిన్నుసూది పొడిచి ఉంది. కానీ అది యాదృచ్ఛికంగా దొరికిన కేసు. ఆ తర్వాత నూటయాభై ఏళ్లపాటు కుడి పక్క పొత్తికడుపులో వచ్చే వాపును వైద్యులు పెద్దపేగు మొదట్లో వచ్చే జబ్బుగానే లెక్కవేశారు. 1886లో బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఆ నేరం అపెండిక్స్‌దేనని శవపరీక్షల ఆధారంతో నిరూపించి, జబ్బుకు ఇప్పుడున్న పేరు పెట్టి, తొందరగా ఆపరేషన్ చేయాలని వాదించాడు. 1889లో న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ నొక్కితే ఎక్కువగా నొప్పెట్టే చోటును చూపించాడు: కుడి తుంటి ఎముక మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, ఆ మొనకు దగ్గరగా మూడో వంతు దూరంలో. 1904 ప్రాంతంలో షికాగోలో జాన్ మర్ఫీ అంతకన్నా విలువైన మాట చెప్పాడు. లక్షణాల కన్నా వాటి వరస ముఖ్యమన్నాడు. ముందు నొప్పి, తర్వాత వికారమో వాంతో, ఆ తర్వాత ఒకే చోట తాకితే ఓర్చుకోలేకపోవడం, ఆ తర్వాత కొద్దిపాటి జ్వరం. వాంతి ముందొచ్చి నొప్పి తర్వాత వస్తే వేరే కారణం వెతకమన్నాడు. రోగికి అన్నం మీద ఆశ పోవడం దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది. ఆకలిగా ఉందని అడిగి తినేవాడికి ఈ జబ్బు ఉందనడానికి వైద్యులు ఇప్పటికీ సందేహిస్తారు.

వరసకు అంత ప్రాధాన్యం ఎందుకో శరీరం లోపలికి చూస్తే తెలుస్తుంది. అపెండిక్స్ నోరు మూసుకుపోయి లోపల ఉబ్బినప్పుడు, ఆ బాధను మోసుకెళ్లే నరాలు వెన్నుపాములో చేరే చోటు, బొడ్డు చుట్టూ చర్మం నుంచి వచ్చే నరాలు చేరే చోటు ఒకటే. అందుకే మొదటి గంటల్లో రోగి చెయ్యి బొడ్డు మీదికే పోతుంది. అజీర్తి అనుకుంటాడు, వాయువు అనుకుంటాడు. వాపు పైకి వచ్చి పొట్ట లోపలి గోడకున్న పొరను తాకాకగాని నొప్పి కుడి పక్కకు దిగి అక్కడ స్థిరపడదు. అప్పటి నుంచి దగ్గితే నొప్పి, బండి కుదిపితే నొప్పి, నొక్కిన చెయ్యి చటుక్కున తీస్తే మరీ నొప్పి. ఈ ప్రయాణానికి కొన్ని గంటలు పడుతుంది, చాలామందికి ఒక రాత్రి. తెలుగు పల్లెల్లో దీన్ని ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారు. అపెండిక్స్ పగిలే సమయాన్ని గడియారం అంత కచ్చితంగా చెప్పదు, అయినా జనానికి ఈ జబ్బు గంటల మీద నడుస్తుందన్న సంగతి తెలుసు. అన్నిటికన్నా మోసగించేది పగిలే క్షణం. లోపలి బిగువు తగ్గి నొప్పి కాసేపు ఉపశమిస్తుంది. రోగి లేచి కూర్చుంటాడు, ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని గంటలకు పొట్ట అంతా చెక్కలా బిగుసుకుపోతుంది. ఒక్కసారి వచ్చి చూసి వెళ్లే వైద్యుడు ఆ ఉపశమనం వేళకు వస్తే, అతను ఎంత చదివినవాడైనా తప్పు చేసే అవకాశం ఉంది. సాయంత్రం చూసిన మనిషే పొద్దున మళ్లీ చూడగలగాలి.

ఆ కాపలా లేనిచోట రోగికి దొరికినవి ఇంటి వైద్యాలు. గార్డెన్ రీచ్‌లో వాటికి పాత చరిత్ర ఉంది. 1856లో రాజ్యం పోగొట్టుకుని కలకత్తా వచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా, ఇక్కడి మెటియాబ్రుజ్‌లో 1887లో చనిపోయేదాకా చిన్న లక్నోనే నిలబెట్టాడు. ఆ కొలువుతో యునానీ వైద్యమూ వచ్చింది. ఆ సంప్రదాయంలో పేగుల నొప్పి మీద లోతైన చర్చ ఉంది, ఇబ్న్ సినా దాని మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. మన ఆయుర్వేదంలో శూల, గుల్మం పేర్లతో అంతే విస్తారమైన విచారణ ఉంది. ఈ పద్ధతులన్నిటిలోనూ, ఆనాటి యూరప్ వైద్యంలోనూ, కడుపునొప్పికి మొదటి మందు పేగును కడిగేయడం. తెలుగింట్లో అది ఆముదం. అపెండిక్స్ ఉబ్బి ఉన్నప్పుడు విరేచనపు మందు పేగును గట్టిగా కదిలిస్తుంది, పగలడాన్ని దగ్గర చేస్తుంది. రెండో మందు నల్లమందు. ప్రభుత్వ నల్లమందు కలకత్తాలోనే వేలం పాటలో అమ్ముడయ్యేది. 1893 నుంచి 1895 దాకా విచారణ జరిపిన రాయల్ కమిషన్ ముందు, నొప్పులకూ విరేచనాలకూ ఇళ్లలో దాన్ని ఎంత మామూలుగా వాడుతున్నారో సాక్షులు వివరంగా చెప్పారు. నల్లమందు నొప్పిని అణచి, పేగును నిద్రపుచ్చి, జబ్బు ముందుకు పోతున్న గుర్తులను కప్పేస్తుంది. దీన్ని మన అజ్ఞానం కింద రాయడం అన్యాయం. 1930లలో కూడా అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్యులు, కడుపునొప్పికి విరేచనపు మందు వేయవద్దని ఊరంతా ప్రచారం చేయాల్సి వచ్చింది. రాజుకు ఆపరేషన్ చేసిన ట్రీవ్స్ సొంత కూతురు 1900లో పగిలిన అపెండిక్స్‌తోనే చనిపోయింది. జబ్బు ముదిరే తొలి రోజుల్లో కత్తి పెట్టకుండా వేచి చూడాలన్నది అప్పటికి ఆయన సిద్ధాంతం. ఆ తండ్రి దుఃఖాన్ని తలుచుకుంటే, ఆముదం పట్టించిన తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

గార్డెన్ రీచ్ నేల మీద మనుషులు ఎప్పుడూ ప్రయాణంలోనే ఉన్నారు. ఫిజీ, డెమెరారా, ట్రినిడాడ్, సురినామ్ తోటలకు కూలీలను ఓడలెక్కించిన వలస డిపోలు ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్ గట్ల మీదే ఉండేవి. 1879లో ఫిజీకి మొదటి కూలీలను తీసుకుపోయిన లియొనిడాస్ ఓడ కలకత్తా నుంచే బయలుదేరింది. డిపో వైద్యుడి పరీక్ష మనిషి పనికి సరిపోతాడా, కలరా మశూచి ఉన్నాయా అని తేల్చడానికి. ఒకరి పొట్టను రాత్రంతా కనిపెట్టుకుని ఉండడం ఆ పరీక్ష ఉద్దేశమే కాదు. ఊళ్లో చనిపోయినవాళ్ల లెక్కా అలాంటిదే. బెంగాల్‌లో చావు కారణాన్ని చాలాకాలం వైద్యుడు కాక చౌకీదారు చెప్పేవాడు. కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు, గాయాలు, తక్కినవి అన్న గడుల్లో దాన్ని పడేసేవారు. మూడు రోజుల కడుపునొప్పి, జ్వరం, ఆపైన చావు అంటే అది జ్వరం గడిలోకో విరేచనాల గడిలోకో పోతుంది. 1886కు ముందు ఏ లెక్కలోనూ అపెండిసైటిస్ లేదు, ఆ తర్వాత ఈ గడుల్లో దానికి చోటు దొరకలేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. లెక్కల్లో కనబడకపోవడానికి కారణం ఆ జబ్బు మనవాళ్లకు నిజంగానే తక్కువగా రావడం కావచ్చు కదా? ఆనాటి వైద్యుల్లో చాలామంది అలాగే నమ్మారు. గిల్గిట్‌లో పనిచేసిన రాబర్ట్ మెక్‌కారిసన్, హుంజా జనంలో తాను ఏళ్ల తరబడి అపెండిసైటిస్ కేసే చూడలేదని 1921లో రాశాడు, దానికి వాళ్ల తిండి కారణమన్నాడు. 1971లో డెనిస్ బర్కిట్ పీచు తక్కువ తిండిని ఈ జబ్బుకు కారణంగా చూపించాడు. ఈ వాదనలో నిజం లేదని నేననను. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు పరిశ్రమలతో పాటు పెరిగి, ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి తగ్గి, ఇప్పుడు కొత్తగా పారిశ్రామికమవుతున్న దేశాల్లో పెరుగుతోందని 2017లో వచ్చిన ప్రపంచ స్థాయి సమీక్ష చెప్పింది. దంపుడు బియ్యం, రాగి అంబలి తిని పెరిగిన ఉత్తరాంధ్ర కూలీకి ఈ జబ్బు లండన్ గుమాస్తా కన్నా తక్కువగా వచ్చి ఉండవచ్చు. కానీ అరుదుగా రావడం వేరు, వచ్చినప్పుడు కనబడకపోవడం వేరు. పైగా మొదటిది రెండోదాన్ని ఇంకా ముదురుస్తుంది. ఇది మీవాళ్లకు రాదు అని ముందే అనుకున్న వైద్యుడు చెయ్యి వేసి వెతకడు. హుంజా కొండల్లో రోగి మెక్‌కారిసన్ దాకా చేరాలంటే ఎన్ని రోజుల నడకో ఆలోచిస్తే, ఈ జబ్బుతో ఆయన దాకా వచ్చేలోపు ఆ మనిషి తేరుకోవడమో చనిపోవడమో జరిగిపోతుంది. ఆసుపత్రి గుమ్మం దగ్గర చేసిన లెక్క ఆ గుమ్మం దాటినవాళ్లది మాత్రమే.

రెండో అభ్యంతరం వైద్యుల తరఫున. కలకత్తాలో కుడి పక్క పొత్తికడుపు నొప్పికి కారణాలు అనేకం. అమీబా పెద్దపేగు మొదట్లో పుండ్లు చేసి అచ్చం అపెండిసైటిస్‌లా నటిస్తుంది. టైఫాయిడ్ పుండ్లూ ఆ పక్కనే పడతాయి. పేగుల క్షయ ఆ చోటునే ఎంచుకుంటుంది. లియొనార్డ్ రోజర్స్ 1912లో కలకత్తా నుంచే అమీబా జబ్బుకు ఎమెటిన్ సూదిమందును లోకానికి చూపించిన తర్వాత, ఇక్కడి వైద్యుడు ముందు అమీబానే అనుమానించడంలో తప్పు లేదు. నేను ఒప్పుకుంటాను. అయితే ఈ జబ్బుల మధ్య తేడా తెలిసేది దేనివల్ల? క్షయ నెలల మీద నడుస్తుంది, టైఫాయిడ్‌లో జ్వరం ముందొచ్చి వారాల మీద సాగుతుంది, అమీబా పాత విరేచనాల వెంట వస్తుంది, అపెండిసైటిస్ గంటల మీద. అంటే మళ్లీ కాలమే, ఆ కాలాన్ని రోగి నోట వినడమే. మురికివాడలో కొత్తగా దిగిన తెలుగు కూలీ ఆ కథను రాని హిందుస్తానీలోనో, కూలీలను పనిలో పెట్టే సర్దారు నోటి గుండానో చెప్పుకోవాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస అక్కడే జారిపోయే ప్రమాదం ఉంది. ఇలా పోలిక ఉన్న ఇతర జబ్బులు ఎక్కువైన ఊళ్లో కనిపెట్టుకుని ఉండే మనిషి అవసరం ఇంకా పెరుగుతుంది.

గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువాళ్లు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ, హుగ్లీ పొడవునా ఉన్న జనపనార మిల్లులకూ, రేవులకూ చేరడానికి దారి వేసింది బీఎన్ఆర్ రైలే. 1929లో గార్డెన్ రీచ్‌లో కింగ్ జార్జ్ డాక్ తెరిచారు, ఇప్పుడది నేతాజీ సుభాష్ డాక్. అదే ఏడాది కార్మికుల స్థితిగతుల మీద నియమితమైన విట్లీ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో, దూర రాష్ట్రాల నుంచి వచ్చి సర్దారుల దయ మీద బతుకుతూ, ఏటా ఊరికి పోయి వచ్చే కూలీల జీవితం కనబడుతుంది. అలాంటి కూలీకి సుస్తీ చేస్తే ఏం చేస్తాడు? రోజు కూలి పోతుంది, చోటూ పోవచ్చు. ఒకే గదిలో వంతులవారీగా పడుకునే మనుషుల మధ్య నొప్పితో వంగిపోయిన మనిషికి తోడు ఎవరూ ఉండరు, అందరూ షిఫ్టుకు పోవాలి. ఊరు గుర్తొస్తుంది. ఆ రాత్రి కడుపు పట్టుకుని వాల్తేరు వైపు రైలెక్కడం తెలివైన పనిగా తోచవచ్చు, కానీ ఈ జబ్బుతో దాదాపు రోజంతా పట్టే ప్రయాణం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ బతుకులో ఒక్క రాత్రి కూడా అతనిది కాదు.

రైల్వే శాశ్వత ఉద్యోగి పరిస్థితి వేరు, ఆ తేడాలోనే నా వాదనకు బలమైన ఆధారం దొరుకుతుంది. కంపెనీ అతనికి క్వార్టర్స్ ఇచ్చింది, పాస్ ఇచ్చింది, రైల్వే డాక్టర్‌ను ఇచ్చింది. ఆ డాక్టర్ చేతిలో రెండు పనులు ఉండేవి: జబ్బు నయం చేయడం, సిక్ సర్టిఫికెట్ ఇవ్వడం. ఈ రెండో పని మొదటిదాన్ని చెడగొట్టగలదు. కడుపునొప్పి అన్నవాడు పని ఎగ్గొట్టడానికి వచ్చాడేమోనన్న అనుమానం ముందు నిలబడుతుంది. అపెండిసైటిస్ తొలి గంటల్లో పైకి కనబడేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి ఈ అనుమానానికి సులువుగా దొరికేది ఈ రోగే. 1927లో ఖరగ్‌పూర్‌లో సమ్మె జరిగినప్పుడు బీఎన్ఆర్ కార్మికులకు నాయకత్వం వహించిన వి.వి.గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు, ఆ తర్వాత 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. ఉద్యోగం ఊడదన్న భరోసా కోసం ఆ సంఘాలు చేసిన పోరాటాన్ని వైద్య చరిత్రలో ఎవరూ రాయరు. రాయాలని నేనంటాను. ఉద్యోగం పోదని నమ్మినవాడే ఆరు గంటల నొప్పికి ఆసుపత్రికి వస్తాడు. పోతుందనుకున్నవాడు రెండు రోజులు ఓర్చుకుని, పొట్ట బిగుసుకున్నాక వస్తాడు. గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే సెంట్రల్ ఆసుపత్రి, ఇప్పటికీ చాలామంది నోట బీఎన్ఆర్ ఆసుపత్రే, ఆ భరోసాకు ఇటుకలతో కట్టిన రూపం. అక్కడ ఒక మనిషిని చేర్చుకుని, తిండి ఆపి, ప్రతి కొన్ని గంటలకూ నాడి, జ్వరం, పొట్ట చూసి రాసే అవకాశం ఉంది. షికాగోలో ఆల్బర్ట్ ఆక్స్‌నర్, లండన్‌లో జేమ్స్ షెరెన్ గత శతాబ్దం తొలి ఏళ్లలో నేర్పిన పద్ధతి అదే. కుడి పక్క గడ్డ కట్టిన కేసుల్లో మన వైద్య కళాశాలలు ఇప్పటికీ వాళ్ల పేరుతోనే దాన్ని బోధిస్తాయి.

రైల్వే గోడ అవతల ఈ భరోసా మెల్లగా, ముక్కలుగా వచ్చింది. 1944లో బి.పి.అదార్కర్ ఇచ్చిన నివేదిక నుంచి 1948లో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం పుట్టింది. 1952లో కాన్పూర్, ఢిల్లీలలో పథకం మొదలై తర్వాత మిగతా పారిశ్రామిక నగరాలకు పాకింది. మిల్లు, ఓడల కర్మాగారం పర్మనెంట్ కార్మికుడికి దానితో జబ్బు రోజుల జీతంలో కొంత దొరికింది. అదే మెటియాబ్రుజ్ సందుల్లో, కుట్టు పని ఇచ్చే ఒస్తాగర్ల దగ్గర ముక్కకు ఇంత అని కుట్టే దర్జీకి ఏ చట్టమూ ఆ రాత్రిని కొనిపెట్టలేదు. ఒకే పేటలో ఒకే జబ్బు రెండు వేర్వేరు దశల్లో ఆసుపత్రికి చేరడానికి కారణం ఇదే అంటాను. నవాబుగారి కొలువులో బట్టలు కుట్టిన సంప్రదాయానికి వారసులైన ఆ చేతుల గురించి ఇంతకన్నా తేలిగ్గా రాయలేను.

ఇప్పుడు స్కాన్ వచ్చింది కదా, లక్షణాల చరిత్రతో ఇంకేం పని అనేవాళ్లున్నారు. నిజమే, అల్ట్రాసౌండ్, సీటీ చాలా అనవసర ఆపరేషన్లను తప్పించాయి. కానీ స్కాన్ రాసేది ముందు అనుమానించిన మనిషి. 1986లో ఫిలడెల్ఫియాలో అల్ఫ్రెడో అల్వరాడో తయారుచేసిన పది మార్కుల లెక్కను చూడండి: నొప్పి కుడి పక్కకు జరగడం, ఆకలి పోవడం, వాంతి, తాకితే నొప్పి, చెయ్యి తీస్తే నొప్పి, జ్వరం, రక్తపరీక్షలో రెండు అంశాలు. మర్ఫీ వరసే ఇది, మార్కుల రూపంలో. పైగా అచ్చమైన వరసలో రాని రోగులే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. చిన్నపిల్లలు చోటు చూపించలేరు. ముసలివాళ్లకు జ్వరం రాకపోవచ్చు, పొట్ట మెత్తగానే ఉండవచ్చు. గర్భిణికి గర్భసంచి పెరిగేకొద్దీ నొప్పి పైకి జరగవచ్చు. అపెండిక్స్ పెద్దపేగు వెనక దాక్కుంటే నొప్పి నడుములో తెలుస్తుంది. ఆడవాళ్ల కడుపునొప్పిని నెలసరి కింద కొట్టేసే అలవాటు మన ఇళ్లలోనే ఉంది. వీళ్లందరి విషయంలో ఒక్కసారి చూసి తేల్చేయడం కన్నా, కొన్ని గంటల తర్వాత అదే చెయ్యి మళ్లీ చూడడం ఎక్కువ పనిచేస్తుంది.

ఈ మధ్య కాలంలో కథ మరో మలుపు తిరిగింది. 2015లో ఫిన్లాండ్‌లో, 2020లో అమెరికాలో జరిగిన పరిశోధనలు, పగలని అపెండిసైటిస్‌ను చాలామందిలో యాంటీబయాటిక్స్‌తోనే తగ్గించవచ్చని చూపాయి. అమెరికా పరిశోధనలో 1552 మంది పెద్దవాళ్లు పాల్గొన్నారు. మందులు తీసుకున్నవాళ్లలో 29 శాతానికి మూడు నెలల్లోపు ఎలాగూ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, తక్కినవాళ్లు అప్పటికి కత్తి తప్పించుకున్నారు. రాత్రి నొప్పి తిరగబెడితే వెంటనే వచ్చి చేరగలిగిన రోగికి ఇది మంచి మార్గం. రైల్వే క్వార్టర్స్‌లో ఉంటూ పక్క వీధిలోనే సెంట్రల్ ఆసుపత్రి ఉన్న ఉద్యోగికి ఆ మార్గాన్ని సర్జన్ ధైర్యంగా చూపించగలడు. పండగ ముందు వారం ముక్కల లెక్క పూర్తి చేయాల్సిన మెటియాబ్రుజ్ దర్జీ, నొప్పి మళ్లీ వస్తే ఆరో గంటకు వస్తాడా, మూడో రోజుకు వస్తాడా అన్నది ఆ సర్జన్ ఆలోచించాలి. ఆలోచించి, మందులతో ఆపగలిగిన జబ్బుకు కూడా మొదటి రాత్రే ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేయమంటే, నేనతన్ని తప్పుపట్టను.